పాత మిద్దెకు కొత్త మరమ్మతు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో ఏ పాత ఊళ్లోకి మళ్లి చూసినా, కాంక్రీటు మేడల నడుమ ఇంకా కొన్ని మట్టిమిద్దెలు కనిపిస్తాయి. బంకమట్టితో కట్టిన రాతిగోడలు, గోడలమీద కొయ్య దూలాలు, దూలాలమీద అడ్డంగా దంతెలు, దంతెలమీద నాపబండలో కొయ్యచెక్కలో పరిచి, ఆపైన జానెడు మందాన మట్టి. ఇదీ మిద్దె. ఎండలు మండే వైశాఖంలో ఈ ఇండ్లలోకి అడుగుపెడితే ప్రాణానికి హాయిగా ఉంటుంది. మందమైన రాయీ మట్టీ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకొని, పొద్దు వాలిన తరువాతగాని లోపలికి వదలవు. ఆ చల్లదనానికి కారణం ఇదే.

ఈ ఇండ్లు ఇప్పుడు ముసలివయినవి. మరమ్మతు తప్పదు. కాని ఇల్లు ఖాళీచేసి, అద్దెకొంపలో కొన్నాళ్లు తలదాచుకొని, అంతా మేస్త్రీలకు అప్పగించే తాహతు అందరికీ ఉండదు. అందుచేత చాలా కుటుంబాలు అదే ఇంట్లో కాపురముంటూ, సెలవు దినాల్లో తమ చేతులతోనే కొంతకొంత బాగుచేసుకుంటూ ఉంటాయి. నిజానికి ఇది కొత్త సంగతి కాదు. పండుగకు గోడలకు సున్నం కొట్టటం, వానలకు ముందు మిద్దెమీద చౌడు పోయటం తరతరాలుగా ఇంటివారు చేసుకుంటూ వచ్చిన పనులే. అయితే ఒక్క తేడా ఉన్నది. వెనుక ఇంటిని కట్టిన పదార్థమూ, బాగుచెయ్యటానికి వాడే పదార్థమూ ఒక్కటే. ఇప్పుడు ఇల్లు పాతది, సామాను కొత్తది. ఈ రెండింటికీ పొత్తు కుదరనప్పుడు, ఎంత శ్రద్ధగా చేసిన పని అయినా చెడిపోతుంది. ఎందుకు చెడిపోతుందో తెలుసుకోవాలంటే హైస్కూలులో నేర్పే భౌతిక, రసాయన శాస్త్రాలు చాలు.

ఆళ్లగడ్డలో అటువంటి మిద్దె ఒకటి ఉన్నదనుకుందాం. అందులో భార్యాభర్తలు, ఇద్దరు బిడ్డలు, ఒక ముసలవ్వ ఉన్నారనుకుందాం. వారు ఇంటిని బాగుచేసుకోబోయి ఒకదాని తరువాత ఒకటిగా నేర్చుకునే పాఠాలేమిటో చూద్దాం.

గోడలో పైకెక్కే నీరు

అవ్వ పడుకునే గదిలో గోడ మోకాలెత్తు వరకూ ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. సున్నం పెచ్చులుగా రాలుతుంది. రాలిన చోట తెల్లని నూగువంటి పొడి కనిపిస్తుంది. వేసవి సెలవుల్లో ఇంటాయన పాత పూత అంతా గీకి, నడుమెత్తు వరకూ మంచి సిమెంటు గిలాబు చేశాడు. మొదటి ఏడు గోడ అద్దంలాగా ఉన్నది. రెండో వానాకాలానికి చెమ్మ కొత్త గిలాబు అంచు దాటి రొమ్మెత్తుకు వచ్చింది. ఆ పిమ్మట గిలాబు అట్టలు అట్టలుగా ఊడివచ్చింది. తడిని ఆపవలసిన సిమెంటు దాన్ని ఇంకా పైకి ఎక్కించింది! ఇది ఎట్లా జరిగింది?

నీటిలో సన్నని గాజునాళాన్ని నిలబెడితే నీరు నాళంలోకి తనంత తానే ఎగబాకుతుందని విద్యార్థులకు తెలుసు. దీన్ని కేశనాళికాకర్షణ అంటారు. నాళం ఎంత సన్ననిదైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుంది. నాళం వ్యాసార్ధం 1 మిల్లీమీటరు అయితే నీరు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కుతుంది. వ్యాసార్ధం అందులో పదోవంతు అయితే 15 సెంటీమీటర్లు, నూరోవంతు అయితే ఒకటిన్నర మీటర్లు. గోడలోని మట్టిలోనూ సున్నంలోనూ కంటికి కనిపించని ఇటువంటి రంధ్రాలు కోట్లకొలది ఉన్నాయి. పునాది తడిసినప్పుడల్లా అవి నేలలోని నీటిని లాంతరు వత్తి కిరసనాయిలును పీల్చినట్లు పైకి పీలుస్తాయి.

అట్లాగయితే నీరు మిద్దెదాకా ఎందుకు ఎక్కటం లేదు? ఎక్కే నీరు ఒకవంక గోడ ముఖంమీదనుంచి ఆవిరి అయిపోతూ ఉన్నది గనుక. కిందినుంచి వచ్చే నీరూ, పక్కలనుంచి ఆవిరయ్యే నీరూ ఏ ఎత్తున సరిసమానమవుతాయో అక్కడ చెమ్మగీటు నిలుస్తుంది. సున్నపు పూతలో రంధ్రాలు ఎక్కువ కాబట్టి ఆవిరికి దారి సులభం. సిమెంటు గిలాబు దట్టమైనది. అది ఆ దారిని చాలావరకు మూసివేసింది. కిందినుంచి వచ్చే నీరు మాత్రం ఆగలేదు. అది ఆవిరి కావటానికి చోటు వెదుక్కుంటూ, గిలాబు లేని ఎత్తుకు ఎక్కిపోయింది.

తెల్లని నూగు సంగతి చూడండి. నేలలోని నీటిలో లవణాలు కరిగి ఉంటాయి. నీరు ఆవిరి అవుతుందిగాని లవణాలు కావు. అవి గోడలోనే మిగిలిపోయి స్ఫటికాలుగా పేరుకుంటాయి. పూత ముఖంమీద పేరుకుంటే మనకు తెల్లపొడి కనిపిస్తుంది. దానివల్ల పెద్ద నష్టం లేదు. దట్టమైన గిలాబు వెనుక పేరుకుంటేనే ప్రమాదం. పెరిగే స్ఫటికాలు ఇరుకైన రంధ్రాలలో ఒత్తిడి కలిగించి గిలాబును గోడనుంచి నెట్టివేస్తాయి. అట్టలుగా ఊడినది అందుకే.

కాబట్టి మొదటి పాఠం ఇది: మచ్చను కప్పేముందు ఆ నీరు ఎక్కడినుంచి వస్తున్నదో, ఏ దారిన పోతున్నదో కనుక్కోవాలి. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూస్తే చాలా సంగతులు బయటపడతాయి. స్నానాలగది నీరు గోడ మొదట ఇంకుతూ ఉండవచ్చు. కుళాయి గొట్టం కారుతూ ఉండవచ్చు. వీధికి వేసిన ప్రతి కొత్త రోడ్డూ పాతదానిమీద మరికొంత ఎత్తు పెంచగా, ఇంటి అరుగు వీధికంటె పల్లంలో పడిపోయి, వాననీరంతా పునాదివైపే రావచ్చు. పట్నాల్లోని పాత ఇండ్లకు ఈ చివరి బాధ సర్వసాధారణం. గోడవెంట పేరుకొన్న మట్టిని తవ్వితీసి, నీరు ఇంటికి దూరంగా పోయేటట్లు కాలువ వాలు సరిచేస్తే, ఒక్క తాపీ సిమెంటు వాడకుండానే సగం చెమ్మ తగ్గవచ్చు. తరువాత గిలాబు తీసివేసి, ఉప్పును నీళ్లతో కడగక పొడి కుంచెతో దులిపి, గోడను ఒక రుతువు పాటు ఆరనిచ్చి, ఒక పాలు సున్నమూ మూడు పాళ్లు ఇసుకా కలిపిన పూత వేసుకోవచ్చు.

సున్నమూ సిమెంటూ

ఈ ప్రాంతానికి రాతి కరువు లేదు. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందేరు లోయ. ఈ లోయలోనూ దాని పక్కలనూ భూమిమీద చెట్లూ చేమలూ పుట్టకముందే సముద్రపు అడుగున పేరుకొన్న సున్నపురాళ్లూ పలకరాళ్లూ ఉన్నాయి. భూవిజ్ఞానులు ఇక్కడి శిలల పొరలకు ‘నార్జి సున్నపురాయి’, ‘కోయిలకుంట్ల సున్నపురాయి’, ‘నంద్యాల షేలు’ అని ఈ ఊళ్ల పేర్లే పెట్టారు. బేతంచెర్ల బండలు దూరదేశాలకు పోయినా, అక్కడికి దగ్గరలోని బుగ్గానిపల్లెలో సిమెంటు కర్మాగారం వెలిసినా, ఈ రాయి చలవే. అంటే సున్నమూ సిమెంటూ ఒకే తల్లి బిడ్డలు. కాని వాటి గుణాలు వేరు.

సున్నపురాయిని సుమారు 900 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం వస్తుంది. 44 కిలోలు వాయువుగా ఎగిరిపోతుంది. ఈ తూకాన్ని పరిశీలించి, రాతిలో ‘బంధింపబడిన గాలి’ ఉన్నదని 1756 లో ప్రకటించినవాడు స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్. పొడిసున్నంమీద నీళ్లు పోస్తే అది కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. దాన్ని గోడకు పూస్తే, గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా తిరిగి గ్రహించి మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. కొలిమిలో పోగొట్టుకొన్నదాన్ని గోడమీద తిరిగి సంపాదించుకొంటుందన్నమాట. ఈ పని పైముఖంనుంచి లోపలికి నెలల తరబడి సాగుతుంది. ఆత్రం పనికిరాదు. పూత మీద పూత పలుచగా వెయ్యాలి. ఒకటి గట్టిపడిన తరువాతనే ఇంకొకటి వెయ్యాలి. సున్నంలో బెల్లపు నీళ్లూ కరక్కాయ కషాయమూ కలపటం దక్షిణదేశంలో పాత వాడుక. చక్కెర కలిసిన నీటిలో సున్నం ఎక్కువగా కరుగుతుందని రసాయన శాస్త్రం చెప్పుతున్నది.

సిమెంటు తీరు వేరు. సున్నపురాయినీ బంకమన్నునూ కలిపి ఇంకా ఎక్కువ వేడిలో కాల్చి పొడిచేస్తే సిమెంటు అవుతుంది. పోర్ట్‌లండు సిమెంటు అనే పేరుతో దీనికి 1824 లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్పిడిన్ పేటెంటు పొందాడు. సిమెంటు ఆరటంవల్ల గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. సిమెంటు నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. నీరు ముందే ఎగిరిపోతే ఆ కలయిక మధ్యలోనే ఆగిపోతుంది. ఎండ 40 డిగ్రీలు దాటే నంద్యాల వేసవిలో మధ్యాహ్నం గిలాబు చేసి సాయంత్రం చూసుకుంటే, పైకి గట్టిగానే కనిపిస్తుంది. గోరుతో గీకితే ఇసుకలాగా రాలుతుంది. కనీసం ఏడు రోజులయినా గోనెపట్టాలు కప్పి తడుపుతూ ఉండాలి. కాంక్రీటు బలాన్ని 28 రోజులకు పరీక్షిస్తారంటే ఈ కలయిక ఎంత నిదానంగా సాగుతుందో తెలుస్తుంది.

సిమెంటు చెడ్డదనీ సున్నం మంచిదనీ దీని భావం కాదు. నీళ్లు నిలిచే తొట్టికీ, స్నానాలగది నేలకూ సిమెంటే తగినది. మట్టితో కట్టిన గోడ మాత్రం వేసవికీ వానకూ కొద్దిగా కదులుతుంది. తడిని పీల్చి వదులుతుంది. దానికి బిరుసైన తొడుగు కంటె, తనతోపాటు కదిలి ఆవిరిని వదిలే మెత్తని తొడుగు మేలు. పూత ఎప్పుడూ గోడకంటె బలహీనంగా ఉండాలి. చెడితే పూత చెడాలిగాని గోడ చెడకూడదు.

నల్లరేగడి కదలిక

చెమ్మ పని ముగిసిందనుకొనేసరికి ఇంటిల్లాలు ఇంకొక సంగతి గమనించింది. తలుపు పైమూలనుంచి ఏటవాలుగా ఒక పగులు బయలుదేరింది. ఉగాదికి పూడ్చి సున్నం కొట్టారు. మరుసటి వేసవికి అదే చోట మళ్లీ విడిపోయింది.

కారణం గోడలో లేదు, గోడ కింద ఉన్నది. కుందేరు లోయలోని నల్లరేగడి పంటకు బంగారం, ఇంటికి బెడద. అందులోని బంకపదార్థంలో మాంట్‌మోరిల్లొనైటు అనే ఖనిజం ముఖ్యమైనది. దాని కణాలు తమలపాకుల కట్టలాగా పలుచని రేకులమీద రేకులుగా పేర్చి ఉంటాయి. తడి తగిలితే నీరు ఆ రేకుల మధ్యకు చొరబడి వాటిని ఎడంచేస్తుంది, నేల ఉబ్బుతుంది. ఎండితే నీరు పోయి రేకులు దగ్గరకు వస్తాయి. నేల కుంచించుకొని బీటలు వారుతుంది. వేసవిలో చేనిలో చెయ్యి దూరేటంత బీటలు చూడనివారు ఈ ప్రాంతంలో ఉండరు. ఇంటి కింది నేల కూడా అట్లాగే కదులుతుంది. అంతటా ఒకే విధంగా కదిలితే ఇల్లు కొంచెం లేచి కొంచెం దిగుతుంది, నష్టం లేదు. స్నానాలగది మూల ఎప్పుడూ తడిగా ఉండి ఉబ్బి, వేపచెట్టు వేళ్లు నీరు పీల్చే మూల ఎండి దిగబడితే, నడుమ గోడ చీలుతుంది. తలుపులూ కిటికీలూ ఉన్నచోట గోడ బలం తక్కువ గనుక పగులు ఆ మూలలనుంచే మొదలవుతుంది.

పగులును పూడ్చటానికి ముందు దానితో కొన్నాళ్లు కాపురం చెయ్యటం అవసరం. పగులు కొసలవద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వెయ్యాలి. పగులుకు అడ్డంగా ఒక పలుచని గాజుముక్కను రెండువైపులా గచ్చుతో అతికించాలి. గాజు పగిలిందంటే గోడ ఇంకా కదులుతున్నదన్నమాట. నెలనెలా వెడల్పు కొలిచి నోటుబుక్కులో రాసుకుంటే ఏడాదిలో రహస్యం తెలిసిపోతుంది. వేసవిలో తెరుచుకొని వానల్లో మూసుకునే పగులు నేల ఊపిరిని చెప్పుతుంది. దానికి మందు ఇంటిచుట్టూ తడిని ఒకే తీరున ఉంచటం. రుతువుతో పనిలేకుండా ఒకే దిక్కుగా పెరిగే పగులు పునాది దిగబడుతున్నదని చెప్పుతుంది; అప్పుడు ఇంజనీరును పిలవవలసిందే. కొత్త గదులు కట్టేవారికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ చూపిన మార్గం ఒకటి ఉన్నది. తడి మార్పులు అంతగా తగలని 3.5 మీటర్ల లోతు వరకూ రంధ్రం తవ్వి, అడుగున కుండలాగా వెడల్పుచేసి, అందులో కాంక్రీటు పోసి, ఆ స్తంభాలమీద ఇల్లు నిలపటమే ఆ మార్గం.

నెత్తిమీది బరువు

ఇక మిద్దె. జ్యేష్ఠంలో మబ్బు పట్టగానే అవ్వ హెచ్చరిస్తుంది: “చౌడు పోయకుంటే కురుస్తాది నాయనా.” మనుమడికి అనుమానం: ఉప్పుమట్టి నీటిని ఎట్లా ఆపుతుంది?

అవ్వ మాటలో మంచి రసాయన శాస్త్రం ఉన్నది. మామూలు మట్టిలో కాల్షియం బంకకణాలను చిన్న చిన్న గుత్తులుగా పట్టి ఉంచుతుంది. గుత్తుల నడుమ సందులు ఉంటాయి. వాటిలోనుంచి నీరు కిందికి దిగుతుంది. చౌడుమట్టిలో సోడియం ఎక్కువ. సోడియం ఉన్నప్పుడు కణాలు ఒకదాన్నొకటి పట్టుకోక విడివిడిగా చెదిరి, ఉబ్బి, సందులను పూడ్చివేస్తాయి. చౌటినేలలో నీరు ఇంకక పైనే నిలవటానికి కారణం ఇదే. పైరుకు శాపమైన ఈ గుణం కప్పుకు వరమయింది. అయితే చెదిరిన కణాలు వాననీటితో సులభంగా కొట్టుకుపోతాయి. ఏటేటా కొత్త చౌడు పోయవలసి రావటం అందుకే.

ఇక్కడనే ప్రమాదం పొంచి ఉన్నది. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న గదిమీద 20 సెంటీమీటర్ల మందాన మట్టి ఉన్నదనుకుందాం. దాని ఘనపరిమాణం 2.4 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు పొడిమట్టి సుమారు 1,600 కిలోలు తూగుతుందనుకుంటే మొత్తం బరువు 3,840 కిలోలు. ముసురుపట్టి మట్టి బాగా నానితే ఘనపు మీటరు 2,000 కిలోల వరకు తూగవచ్చు. అప్పుడు బరువు 4,800 కిలోలు. అంటే ఒక్క ముసురులో దూలాలమీద సుమారు టన్ను బరువు పెరిగింది. పాత పొరను తియ్యకుండా ఏటా ఒక్క సెంటీమీటరు చౌడు కలుపుతూ పోయారనుకోండి. అది ఏటికి 192 కిలోలు. కొట్టుకుపోయినది ఏమీ లేకపోతే ఇరవై ఏండ్లలో ఇంకొక 3,840 కిలోలు! మనుమడు పుట్టినప్పుడు మోసినదానికి రెట్టింపు బరువు వాడు పెద్దవాడయ్యేసరికి ఆ దూలాలే మోస్తున్నాయి.

దూలాలు మాత్రం అప్పటివలె లేవు. గోడలో దూరిన వాటి కొసలు చెమ్మకు చీకిపోతాయి, చెదలు తింటాయి. దూలం బలం దాని వెడల్పునుబట్టీ, లోతు వర్గాన్నిబట్టీ ఉంటుంది. దూలం లోతులో నాలుగోవంతు చెడిపోయిందంటే మిగిలిన బలం మూడువంతులు కాదు. మూడుబై నాలుగు వర్గం, అంటే పదహారింట తొమ్మిది వంతులు. సగానికి కాస్త ఎక్కువ, అంతే. బరువు రెట్టింపు, బలం సగం. ముసురు రాత్రులలో పాత మిద్దెలు కూలి నిద్రలో ఉన్నవారు చనిపోయారన్న వార్తల వెనుక ఉన్న లెక్క ఇది.

కాబట్టి చౌడు పోసేముందు పాత పొరలను గీకి మొదటి మందానికి తేవాలి. నీరు తూము వైపు జారేటట్లు వాటం సరిచెయ్యాలి. దూలం కొసలను గోడవద్ద దబ్బనంతో పొడిచి చూడాలి. దబ్బనం మెత్తగా దిగితే కొయ్య చీకినట్లే. శిల్పి ఉలి పెట్టేముందు రాతిని తట్టి మోత వింటాడు. శిల్పుల ఊరయిన ఆళ్లగడ్డలో ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. దూలాన్నీ గిలాబునూ కూడా అట్లాగే తట్టి చూడవచ్చు. డొల్లమోత వచ్చినచోట లోపం ఉన్నదన్నమాట.

మట్టి తీసేటప్పుడు ఇంకొక జాగ్రత్త ఉన్నది. తవ్వినదాన్ని మిద్దె నడుమ కుప్పపోయటం అలవాటు. బరువు దూలం పొడుగునా సమంగా పరుచుకొని ఉన్నప్పటికంటె, అదే బరువు సరిగా నడుమ పడినప్పుడు దూలం వంగే ప్రయాస రెట్టింపు అవుతుంది. అందుచేత తీసిన మట్టిని తీసినట్లే కిందికి దించివేయాలి. పని జరుగుతున్న గదిలో ఎవరూ పడుకోరాదు. దూలం చెడిందని తెలిస్తే కింద ఊతగుంజలు పెట్టించి, అనుభవంగల మేస్త్రీనో ఇంజనీరునో పిలవాలి. సొంత చేతులతో చెయ్యరాని పనులు ఇంటిలో కొన్ని ఉన్నాయి. దూలాలు మార్చటం, బరువు మోసే గోడలో ద్వారం తెరవటం, కరెంటు తీగలు మార్చటం వాటిలో ముఖ్యమైనవి.

కాపురమున్న ఇంట్లో పని

ఖాళీ ఇంట్లో పనిచెయ్యటం వేరు, బిడ్డలూ ముసలివారూ తిరిగే ఇంట్లో పనిచెయ్యటం వేరు. పని వరుస పైనుంచి కిందికి ఉండాలి: ముందు మిద్దె, తరువాత గోడలు, చివరకు నేల. వరుస తప్పితే కొత్తగా పరిచిన బండలమీద పాత మట్టి పడుతుంది. ఒక్కసారి ఒక్క గది చొప్పున పట్టుకోవాలి. ఎప్పుడూ ఒక గదిని దుమ్ము చొరకుండా మూసి ఉంచి, అందులోనే పడకలు, తిండిసామాను పెట్టుకోవాలి.

దుమ్ము చిన్న సంగతి కాదు. రాతినీ ఇసుకగిలాబునూ కోసినప్పుడు లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల లోతుకు పోయి, సంవత్సరాల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ అనే నయంకాని జబ్బు తెస్తుంది. ముక్కుకు సన్నధూళిని ఆపగల మాస్కు కట్టుకోవాలి. గీకేముందు గోడమీద నీళ్లు చిలకరించాలి. పొడిచీపురుతో ఊడవక తడిగుడ్డతో తుడవాలి. పాత తలుపుల రంగుల్లో సీసం ఉండవచ్చు. ఇండ్ల రంగుల్లో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండరాదన్న నిబంధన మనదేశంలో 2017 నవంబరునుంచి అమలయింది. అంతకుముందు వేసిన రంగును పొడిగా గీకటం, మంటతో కాల్చటం మంచిది కాదు. సీసం బిడ్డల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. తడిపి రుద్ది, రాలినదంతా మూటకట్టి పారవెయ్యాలి.

పొడిసున్నం నీటిలో వేసేటప్పుడు అది పైకి చిమ్ముతుంది. నీటిలో సున్నం కొద్దికొద్దిగా వెయ్యాలిగాని సున్నంమీద నీళ్లు గుమ్మరించరాదు. కంటి అద్దాలూ చేతి తొడుగులూ లేకుండా ఈ పని చెయ్యరాదు. బిడ్డలను దగ్గరకు రానివ్వరాదు. కంట్లో పడితే క్షణం ఆలస్యం చెయ్యక ధారగా మంచినీళ్లతో కనీసం పావుగంట కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. తడి సిమెంటు కూడా క్షారమే; దాన్ని వట్టిచేతులతో కలపరాదు.

బడిలో చెయ్యదగిన ప్రయోగాలు

ఉపాధ్యాయులు ఈ సంగతులను మూడు తేలిక ప్రయోగాలతో చూపవచ్చు.

మొదటిది: రెండు ఇటుకలను వెడల్పు పళ్లెంలో రెండు సెంటీమీటర్ల నీటిలో నిలువుగా నిలబెట్టండి. ఒకదాని పక్కలకు ప్లాస్టిక్ కాగితం బిగించి చుట్టండి, రెండోదాన్ని వదిలివెయ్యండి. పళ్లెంలో నీటిమట్టం తగ్గకుండా చూస్తూ, గంటగంటకూ చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కిందో కొలవండి. చుట్టిన ఇటుకలో చెమ్మ ఎందుకు ముందంజ వేస్తుందో విద్యార్థులచేత చెప్పించండి.

రెండోది: రెండు ప్లాస్టిక్ సీసాల అడుగులు కోసి, మూతులకు గుడ్డ కట్టి, తలకిందులుగా నిలపండి. రెండింటిలోనూ పొడిచేసిన నల్లరేగడి సమంగా నింపండి. ఒకదానిలో మంచినీళ్లు, రెండోదానిలో చాకలిసోడా కలిపిన నీళ్లు పోయండి. చాకలిసోడాలో సోడియం ఉన్నది. ఏ సీసానుంచి నీరు త్వరగా దిగుతుందో, ఏది పైన బురదగా నిలుస్తుందో మరునాటి వరకూ గమనించండి. అవ్వ చౌడు రహస్యం అక్కడ తేలుతుంది.

మూడోది: తేటసున్నపు నీటిలోకి గొట్టంతో మెల్లగా ఊదండి. నీరు పాలవలె తెల్లబడుతుంది. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నాన్ని మళ్లీ సున్నపురాయిగా మార్చింది. గోడమీద నెలల తరబడి జరిగే పని గాజుగ్లాసులో నిమిషంలో కనిపిస్తుంది. ఊదటమేగాని పీల్చరాదని విద్యార్థులను ముందుగానే హెచ్చరించాలి.

వీలయితే ఇంకొక పని కూడా చేయించవచ్చు. విద్యార్థి ఎవరి ఇంటికి వారు పోయి, చెమ్మ ఎక్కడ ఉన్నది, ఎంత ఎత్తున ఉన్నది, పగుళ్లు ఎన్ని, ఏ దిక్కుగా ఉన్నవి, కప్పునీరు ఎటు పోతున్నది అని ఒక పటం గీసి తేవాలి. వానలకు ముందొకసారి, వానల తరువాత ఒకసారి గీసిన పటాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంటిలో నీరు నడిచే దారి తెలిసిపోతుంది. మరమ్మతుకు డబ్బు ఖర్చుపెట్టకముందు ఇంటివారు చెయ్యవలసిన మొదటి పని ఈ పటమే. అవ్వ గది గోడను రెండుసార్లు గీకి రెండుసార్లు పూసిన తరువాత ఆళ్లగడ్డ కుటుంబం తెలుసుకొన్నదీ ఇదే. వాళ్ల గోడకు చివరకు ఆరోగ్యం తెచ్చినది ఖరీదయిన గిలాబు కాదు, పెరటిలో మూరెడు లోతున తవ్విన ఒక చిన్న కాలువ.